కోర్టు వెలుపలి గురువు: బాస్కెట్‌బాల్ శిక్షణ చరిత్రము, నాగలమడిక సీమ

విద్య యనగా పుస్తకవిద్య మాత్రమే కాదనియు, దేహమునకును ఒక విద్య కలదనియు తెలుగువారు పూర్వమునుండి ఎఱిగినదే. పల్లెలలో సాముగరిడీలు నడిపిన ఉస్తాదులు, చెడుగుడు కూతలో ఊపిరి నిలుపుట నేర్పిన పెద్దలు, దిగుడుబావిలో పిల్లల నడుమునకు బెండు కట్టి ఈత నేర్పిన అన్నలు, వీరందఱును గురువులే. కాని వీరి పేర్లు చరిత్రకెక్కలేదు. పాఠశాలలు వెలసి విదేశీయ క్రీడలు వచ్చిన పిమ్మట ఆట నేర్పువానికి డ్రిల్లు మాస్టరనియు, వ్యాయామోపాధ్యాయుడనియు, కోచ్ అనియు క్రమముగా పేర్లు వచ్చినవి. పేరు మాఱినపుడు పని యెంతవఱకు మాఱినది? క్రీడాకారుని తీర్చు గురువు పని ఆటస్థలమునకు లోపలిదా, వెలుపలిదా? ఈ ప్రశ్నకు బాస్కెట్‌బాల్ చరిత్రలో దొరకు సమాధానమును పరిశీలించి, దానిని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని నాగలమడిక సీమకు అన్వయించి చూచుట ఈ వ్యాసమున కుద్దేశము.

క్రీడలు అనేకము లుండగా బాస్కెట్‌బాల్‌నే గ్రహించుటకు కారణము కలదు. చెడుగుడు ఎప్పుడు పుట్టినదో, ఎవరు పుట్టించిరో చెప్పజాలము. బాస్కెట్‌బాల్ విషయమున అట్లు కాదు. పుట్టిన యూరు తెలియును, సంవత్సరము తెలియును, పుట్టించినవాడు తెలియును, మొదటి నియమములు అచ్చుపడి యున్నవి. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి: దానిని పుట్టించినవాడు ఉపాధ్యాయుడు.

క్రీడా జననము

జేమ్స్ నైస్మిత్ 1861లో కెనడా దేశమున ఆంటారియో రాష్ట్రములో జన్మించెను. తొమ్మిదేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ యింట పెరిగెను. నడుమ చదువు మానుకొని అడవిలో కలప కొట్టువారితో కొన్నేండ్లు పనిచేసి, మరల బడికి వచ్చి, మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున పట్టభద్రుడయ్యెను. మతశాస్త్రమును చదివెను. 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమునకు పోయి, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణాలయమున చేరి, అచటనే ఉపాధ్యాయుడయ్యెను.

ఆ శిక్షణాలయమున 18 మంది విద్యార్థులు గల తరగతి యొకటి ఉపాధ్యాయులకు తలనొప్పిగా నుండెను. చలికాలమున మంచు కురియుచుండుటచే ఆరుబయట ఆటలు లేవు. లోపల వ్యాయామశాలలో చేయించు కవాతు, దండెముల పని వారికి విసుగు పుట్టించెను. నైస్మిత్‌కు ముందు ఇరువురు ఉపాధ్యాయులు ఆ తరగతిని నడపలేక విడిచిరి. శాఖాధిపతియైన లూథర్ గ్యూలిక్ పండ్రెండు పదునాలుగు దినముల గడువిచ్చి, గదిలో ఆడదగిన క్రొత్త యాటను కనిపెట్టుమని నైస్మిత్‌ను కోరెను. 1891 డిసెంబరులో ఆయన చేసిన పని యంతయు ఒక తరగతిని అదుపులో నుంచుటకు ఉపాధ్యాయుడు పడిన ప్రయాసయే.

ఆయన ఆలోచన సాగిన తీరు గమనింపదగినది. గదిలో దెబ్బలు తగులుటకు కారణమేమి? బంతి పట్టుకొని పరుగెత్తువానిని తక్కినవారు పడద్రోయుట. కావున బంతితో పరుగెత్తరాదని నియమించెను. బంతిని బలముగా కొట్టుటకు కారణమేమి? గమ్యస్థానము నిలువుగా నుండుట. కావున గమ్యమును తలపై నెత్తున అడ్డముగా నుంచెను. ఇందుకు ఆయన చిన్ననాటి ఆటయొకటి తోడ్పడెను. పెద్దబండపై చిన్నరాతి నుంచి, దూరమునుండి రాళ్లు విసరి దానిని పడగొట్టు ఆట యది. మన ఏడు పెంకులాటకు దగ్గఱి చుట్టము. నేరుగా బలము కొలది విసరినవాని రాయి దూరముగా పోవును. అతడు దానిని తెచ్చుకొనులోపల కాపలావాడు అంటుకొనును. పైకి వంపుగా మెల్లగా విసరినవాని రాయి దగ్గఱనే పడును. బలముకంటె నేర్పు మేలనునది ఆ పిల్లలాటలోని నీతి. నైస్మిత్ ఆ నీతినే క్రొత్తయాటకు ప్రాణము చేసెను.

వ్యాయామశాల మేడవసారా అంచునకు నేలనుండి 10 అడుగుల యెత్తున పీచ్ పండ్ల బుట్టలు రెండు కొట్టిరి. ఆ మేడవసారా అంత యెత్తున నుండుటయే నేటికిని ఇనుపచట్రము 10 అడుగుల (3.05 మీటర్ల) యెత్తున నుండుటకు కారణము. పక్షమునకు 9 మంది వంతున, ఫుట్‌బాల్ బంతితో ఆడిరి. మొదటి యాటలో పడినది ఒక్క బంతియే. నైస్మిత్ వ్రాసిన 13 నియమములు 1892 జనవరిలో ఆ సంస్థ పత్రికలో అచ్చుపడినవి. భుజముతో త్రోయుట, పట్టుకొనుట, కాలడ్డము పెట్టుట, కొట్టుట నిషిద్ధములు. గెలుపెట్లు సాధింపవలెనో చెప్పుటకంటె పొరుగువానిని ఎట్లు చూడవలెనో చెప్పుటయే ఆ నియమములలో అధికము. మఱుసటి యేడే సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని స్మిత్ కళాశాల బాలికలకు ఈ యాటను నేర్పెను. ఆవిధముగా పుట్టిన కొలది మాసములకే ఇది స్త్రీలకును దక్కినది.

గురుశిష్యుల వాదము

1898లో నైస్మిత్ వైద్యపట్టమును పొంది కాన్సస్ విశ్వవిద్యాలయమునకు పోయెను. 1907 వఱకు అచటి జట్టును నడపెను. ఆ కాలమున ఆ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడెను. ఆ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ గురువులలో గెలుపులకంటె ఓటములు అధికముగా గలవాడు ఆయన యొక్కడే యనుట ప్రసిద్ధము. ఆటను కనిపెట్టినవాడే ఆటలో ఓడుచుండెననుట నవ్వులాటగా తోచవచ్చును. కాని నైస్మిత్‌కు గెలుపు ముఖ్యము కాదు. ఆట శీలమును పెంచు సాధనమని ఆయన విశ్వాసము. పిల్లవాడు ఆడుచు తానే నేర్చుకొనవలెను. మధ్య గురువు జోక్యమెందులకని ఆయన తలంచెను.

ఆయన శిష్యుడు ఫారెస్ట్ అలెన్ ఇందుకు భిన్నముగా తలంచెను. మఱియొక కళాశాలవారు తనను శిక్షకుడుగా పిలిచిరని అలెన్ చెప్పగా, ఈ యాట ఆడుటకే గాని నేర్పుటకు కాదని గురువు వారించెనని చెప్పుదురు. అలెన్ వినలేదు. అడుగులు వేయుట, వంగుట, బంతి నందించుట, ఎదుటివాని నడ్డుట, వీనిని ఒక్కొక్కటిగా విడదీసి నేర్పవచ్చునని చూపెను. కాన్సస్ జట్టును 39 సంవత్సరములు నడపెను. 1927లో బాస్కెట్‌బాల్ శిక్షకుల సంఘమును స్థాపించెను. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో బాస్కెట్‌బాల్ మొదటిసారి చేరినపుడు, వృద్ధుడైన గురువును ఆ వేడుకకు పంపుటకు శిక్షకులచేత చందాలు వేయించినదియు అలెనే. నైస్మిత్ అచట మొదటి యాటకు బంతిని పైకెగురవేసెను. ఆ పోటీల అంతిమక్రీడ వానలో తడిసిన మట్టినేలపై జరుగగా అమెరికా 19, కెనడా 8 అంకములు పొందినవి. 1939లో నైస్మిత్ మరణించెను.

గురుశిష్యులలో ఎవరి మాట నిజము? నైస్మిత్ మాటయే నిజమైనచో గురువుతో పనిలేదు. అలెన్ మాటయే నిజమైనచో గురువే సర్వము. చరిత్ర వీరిరువురికిని మధ్యమార్గమును చూపినది. దానికి సాధనమైనది క్రీడానియమములలోని యొక చిన్న వాక్యము.

నియమము విధించిన మౌనము

1910–11 నాటి అమెరికా నియమములలో, ఆట నడుచుచుండగా జట్టుకు సంబంధించినవారెవరును క్రీడాకారులకు ఉపదేశము చేయరాదని యుండెను. మొదటి తప్పునకు హెచ్చరిక. పిమ్మట ఎదుటి పక్షమునకు ఒక త్రో. 1948–49 వఱకు విరామసమయమున గూడ శిక్షకుడు తన జట్టుతో మాటాడరాదు. ఇంచుమించు నలువది యేండ్లు బాస్కెట్‌బాల్ గురువు ఆటవేళ నోరు మూసికొని బల్లపై కూర్చుండవలసిన వాడయ్యెను. అలెన్ గెలుపులలో పెక్కు ఈ మౌనకాలముననే కలిగినవి.

ఈ నియమము శిక్షణ యొక్క స్వరూపమునే నిర్ణయించినది. ఆటలో చెప్పుటకు వీలు లేనపుడు చెప్పవలసినదంతయు ఆటకు ముందే చెప్పవలెను. కేకవేసి నడపుటకు వీలు లేనపుడు, తానే ఆలోచించి నడచుకొను పిల్లవానిని తయారు చేయవలెను. అనగా శిక్షకుని పనిలో అధికభాగము కోర్టు వెలుపలికి వచ్చినది. పరీక్షగదిలోనికి ఉపాధ్యాయుడు రాజాలడు. ఏడాది పొడుగున చెప్పినదే పిల్లవాని వెంట వచ్చును. బాస్కెట్‌బాల్ గురువు స్థితియు అట్టిదే.

నేటి బాస్కెట్‌బాల్‌లో శిక్షకులు నిలువబడి కేకలు వేయుటయు, విరామములు కోరి పలకపై గీతలు గీయుటయు అందఱు చూచుచున్నదే. ఐనను పాతనియమము పూర్తిగా చావలేదు. ఒకే బుట్టతో, సగము కోర్టులో, పక్షమునకు ముగ్గురు వంతున ఆడు పద్ధతి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో చేరినది. ఆ క్రీడలలో ఆట నడుచుచుండగా శిక్షకుడు ఆటస్థలము చెంత నుండి ఉపదేశింపరాదని నియమముండెను. విరామము కోరుట, మార్పు చేయుట మొదలగు నిర్ణయములు అచట క్రీడాకారులవే యయ్యెను. శతాబ్దము గడచిన పిమ్మట నైస్మిత్ ఆశయము ఈ రూపమున మరల తలయెత్తినది.

మెక్‌లెండన్ చరిత్రము

కోర్టు వెలుపలి పని యనగా నేమో జాన్ మెక్‌లెండన్ చరిత్రము స్పష్టము చేయును. ఈయన నల్లజాతివాడు. 1933లో కాన్సస్ విశ్వవిద్యాలయమున చేరెను. వర్ణభేదము కారణముగా అచటి జట్టులో ఆడుటకు ఆయనకు అనుమతి లేదు. వృద్ధుడైన నైస్మిత్ ఆయనను శిష్యునిగా స్వీకరించి, చదువులోను జీవితములోను దారి చూపెను. కోర్టులో అడుగుపెట్టనీయని విద్యార్థి, ఆటను కనిపెట్టినవాని చెంతనే కూర్చుండి దాని తత్త్వమును నేర్చుకొనెను. 1936లో పట్టభద్రుడయ్యెను.

మెక్‌లెండన్ తరువాత నార్త్ కరోలినాలో నల్లవారి కళాశాల జట్టునకు గురువై, వేగముగా ముందునకు దూకు ఆటపద్ధతిని పెంపొందించెను. 1944 మార్చి 12, ఆదివారమునాడు, ఊరివారు ప్రార్థనలలో నుండగా, డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యవిద్యార్థులైన తెల్లవారి జట్టుతో తలుపులు మూసికొని రహస్యముగా ఒక యాట నడపించెను. నల్లవారును తెల్లవారును కలసి యాడుట ఆ ప్రాంతమున నిషిద్ధమైన కాలమది. మెక్‌లెండన్ జట్టు 88, డ్యూక్ జట్టు 44 అంకములు పొందెను. పిమ్మట ఇరుజట్లవారును కలసిపోయి, తెల్లవారు నల్లవారు అను భేదము లేక మరల పక్షములు కట్టి ఆడిరి. ఈ సంగతి అనేక సంవత్సరములు బయటికి పొక్కలేదు. మెక్‌లెండన్ 1957, 58, 59 సంవత్సరములలో వరుసగా మూడు సార్లు తన జట్టును చిన్న కళాశాలల జాతీయవిజేతగా చేసెను. శీలము ముఖ్యమన్న నైస్మిత్ మాటయు, నేర్పుటకు శాస్త్రము కలదన్న అలెన్ మాటయు ఈయనయందు ఒకటైనవి.

అలెన్ శిష్యుడైన డీన్ స్మిత్ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ జట్టును 1961 నుండి 1997 వఱకు నడపి 879 ఆటలు గెలిపించెను. ఆయన క్రీడాకారులలో నూటికి 95 మందికి పైగా పట్టభద్రులైరి. విజయముల సంఖ్యతో పాటు ఈ రెండవ సంఖ్యను గూడ గురువు ఖ్యాతిలో లెక్కింపవలెను. మైకేల్ జోర్డన్ ఆయన శిష్యుడే. నైస్మిత్, అలెన్, స్మిత్, జోర్డన్: ఇది నాలుగు తరముల గురుపరంపర. కాలిఫోర్నియాలో పన్నెండేండ్లలో పది జాతీయవిజయములు సాధించిన జాన్ వూడెన్ మొదట ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. ఏటేటా మొదటి దినమున ఆయన నేర్పిన పాఠము బంతి విసరుట కాదు. మేజోళ్లు ముడుతలు లేక తొడుగుకొనుట. ముడుతవలన బొబ్బ లేచును. బొబ్బవలన ఆట చెడును. అంత చిన్న విషయమునందును శ్రద్ధ వహించు గురువు పిల్లవాని తక్కిన జీవితమును చూడకుండునా?

భారతదేశమున

నైస్మిత్ మొదటి తరగతిలోని విద్యార్థి డంకన్ పాటన్ 1894లో ఈ యాటను భారతదేశమునకు తెచ్చెనని చెప్పుదురు. కాని ఆట నిలుచుటకు నేర్పువారు కావలెను. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ శిక్షణాలయమును స్థాపించెను. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు పోయిన భారతజట్టును నడపించినదియు ఆయనయే. 1943లో మరణించువఱకు ఆ విద్యాలయమునకు ప్రాణమై యుండెను. అప్పటికి అనంతపురము, కడప, గుంటూరు మొదలగు తెలుగు జిల్లాలు మదరాసు రాజధానిలోనివే. కావున తెలుగు పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకు మదరాసు శిక్షణయే మార్గదర్శకమయ్యెను. అంతకుముందే వీరఘట్టమునకు చెందిన కోడి రామమూర్తినాయుడుగారు (1882–1942) మదరాసులో వ్యాయామశిక్షణ పొంది విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసిరి. సర్కసు ద్వారా జగత్ప్రసిద్ధి పొందిన ఆ మహాబలుడు మొదట బడిపంతులే యనుట మఱువరాదు.

పురుషుల జాతీయపోటీలు 1934లో మొదలైనవి. 1950లో భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య ఏర్పడెను. 1961లో పాటియాలలో జాతీయ క్రీడాసంస్థ వెలసినది. దానితో కోచ్ అనువాడు బడిపంతులనుండి వేఱుపడి ప్రత్యేకవృత్తి గలవాడయ్యెను. ఇందువలన నైపుణ్యము పెరిగినది. కాని పిల్లవాని చదువు, భోజనము, ఇల్లు ఎవరు చూడవలెనను ప్రశ్న యొకటి మిగిలినది.

ఆ ప్రశ్నకు సమాధానమిచ్చిన శిక్షకులు కొందఱు కలరు. లూధియానా బాస్కెట్‌బాల్ విద్యాలయమున డాక్టర్ ఎస్. సుబ్రహ్మణ్యన్‌గారు పల్లెబాలురను చేరదీసి 2013లో మరణించువఱకు శిక్షణ నిచ్చిరి. పంజాబులోని బల్లో కే గ్రామపు రైతుబిడ్డ సత్‌నామ్ సింగ్ బాల్యమున అచటికి చేరి, 2010లో అమెరికాకు పోయి, 2015లో అచటి ఎన్.బి.ఏ. జట్టుచే ఎంపికైన మొదటి భారతీయుడయ్యెను. ఆ లీగు పోటీలలో ఆడు భాగ్యము ఆయనకు కలుగలేదు. ఐనను పల్లెపొలమునుండి అంతవఱకు బాట పడినదనుట చిన్న విషయము కాదు. ఉక్కు కర్మాగారము మూలమున తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన భిలాయి నగరమున రాజేశ్ పటేల్‌గారు 2018లో మరణించువఱకు సామాన్యకుటుంబముల బాలికలకు ఈ యాటను నేర్పిరి. వారు తీర్చిన బాలికలు జాతీయజట్టు వఱకు పోయిరి.

తెలుగునేలపై

తెలుగునేలపై గురువు స్థానమును గూర్చి చెప్పుటకు ఫుట్‌బాల్‌నుండి ఒక ఉదాహరణము గ్రహింపక తప్పదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు (1909–1963) వృత్తిచే బడిపంతులు. హైదరాబాదు పోలీసు జట్టును తీర్చి 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించిరి. వారి శిక్షణలో భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు పొందెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానమున నిలిచెను. 1962 నాటికే వారిని ఊపిరితిత్తుల పుట్టకుఱుపు బాధించుచుండెను. మఱుసటి యేడే మరణించిరి. బంతిని కాళ్లతో తనయొద్దనే నడుపుకొనక, వెంటనే తోటివాని కందింపవలెనను నియమముతో బాలురకు పోటీలు పెట్టించుట రహీంగారి పద్ధతులలో నొకటి. ఉపన్యాసముతో పనిలేక నియమముతోనే బుద్ధి నేర్పుట యది. నైస్మిత్ పదుమూడు నియమములలో చేసినదియు ఇదియే గదా!

నాగలమడికకు పొరుగుననే మఱియొక నిదర్శనము కలదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమున స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ క్రీడాగ్రామమును నెలకొల్పెను. 2010లో టెన్నిసు వీరుడు రఫేల్ నడాల్ పేర ఒక పాఠశాల అచట ఆరంభమయ్యెను. ఆటతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు పాఠములు చెప్పుట, పిల్లల ఆహారమును గమనించుట ఆ పాఠశాల ఏర్పాటులోనే చేరి యున్నవి. కరవుసీమలో ఆట యొక్కటియే చాలదని, దాని చుట్టును చదువును అన్నమును నిలుపవలెనని ఆ స్థాపకులు గుర్తించిరి.

నాగలమడిక సీమ

ఉత్తరపినాకిని యొడ్డున నున్న నాగలమడిక అంత్యసుబ్రహ్మణ్య క్షేత్రముగా ప్రసిద్ధము. కుక్కె ఆది, ఘాటి మధ్య, నాగలమడిక అంత్య సుబ్రహ్మణ్య స్థానములని భక్తులు చెప్పుదురు. ఈ యూరి పేరులో నాగలి, మడక అను రెండు మాటలు వినబడును. రెండింటికిని తెలుగున అర్థమొకటియే. పావగడ తాలూకా మూడు దిక్కుల ఆంధ్రప్రదేశముచే చుట్టబడి యున్నది. 1956 నాటి రాష్ట్రపునర్విభజన తరువాతను ఇది మైసూరు రాష్ట్రముననే, అనగా నేటి కర్ణాటకముననే నిలిచినది. ఇండ్లలోని మాట మాత్రము చాలవఱకు తెలుగే. అదే సంవత్సరమున రాజ్యాంగమునకు చేసిన సవరణలోని 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయవలెనని చెప్పుచున్నది.

ఈ సీమలో గత కొన్నేండ్లలో గొప్ప మార్పు వచ్చినది. నాగలమడిక హోబళిలోని తిరుమణి, వల్లూరు మొదలగు ఐదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములలో సూర్యశక్తి విద్యుత్కేంద్రము వెలసినది. 2018లో ఆరంభమై 2019 నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యము పొందినది. రైతులనుండి భూమిని కొనక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు మొదటి కౌలుగా నిర్ణయించిరి. వాననమ్ముకొని చెడిన కుటుంబములకు కౌలు ఆదరువైనది. కాని నాగలి పేరు దాల్చిన సీమలో నాగలి పట్టవలసిన పొలములు అద్దపుపలకల క్రింద నున్నవి. కొండ్ర వేయుట, కలుపు తీయుట, గొఱ్ఱెల వెంట నడచుట, వీనివలన పిల్లల దేహములకు అప్రయత్నముగా కలిగిన సత్తువ ఇకమీద అప్రయత్నముగా కలుగబోదు. పొలము నేర్పిన దానిని బడి నేర్పవలసిన కాలము వచ్చినది.

బడి స్థితి యెట్లున్నది? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థలమును ఆటసామగ్రిని విధించినది. కాని ఆఱు మొదలు ఎనిమిది తరగతులకు వ్యాయామవిద్య చెప్పు బోధకుని, అదియు కొంతకాలము మాత్రము పనిచేయువానిని, నియమింపవలసినది పిల్లల సంఖ్య నూఱు దాటిన చోటనే. సరిహద్దు గ్రామములలోని చిన్న బడులకు, అందును అల్పసంఖ్యాక భాషా పాఠశాలలకు, నూఱుమంది చేరుట దుర్లభము. కావున చట్టము ప్రకారమే వారికి ఆట నేర్పువాడు లేడు. ఉన్నవాడు తెలుగుపంతులో లెక్కలపంతులో. నైస్మిత్ చరిత్రము ఇచట పనికివచ్చును. ఆట పుట్టినది దండిగా సామగ్రి గల చోట గాదు. దిక్కుతోచని ఒక ఉపాధ్యాయునియొద్ద, రెండు పండ్లబుట్టలతో.

బాస్కెట్‌బాల్ చిన్న గ్రామములకు తగిన క్రీడ యనుటకు కారణములు కలవు. పూర్తి కోర్టు 28 మీటర్ల నిడివి, 15 మీటర్ల వెడల్పు మాత్రమే. ఐదుగురు చాలుదురు. ముగ్గురాడు పద్ధతికి ఒక స్తంభము, ఒక చట్రము, చదును చేసిన సగము నేల చాలును. పన్నెండేండ్ల లోపు పిల్లలకు చట్రమును 2.60 మీటర్ల యెత్తున నుంచి, ఐదవ సంఖ్య గల చిన్నబంతితో ఆడింపవలెనని ఏర్పాటు కలదు. పెద్దవారి యెత్తున చిన్నవారు విసరిన భుజములు చెడును, మనస్సు విఱుగును. చెడుగుడులో కాలు కదపుట, ఏడు పెంకులాటలో గుఱి చూచుట ఎఱిగిన పిల్లలకు ఈ యాటలోని అడుగులును గుఱియు పరాయివి కావు. వంగు, మలుగు, అందించు, ఆగు అను మాటలు తల్లిభాషలో చెప్పిన క్షణములో దేహమున కెక్కును.

కోర్టు వెలుపల ఈ సీమ గురువు చూడవలసిన మొదటి విషయము నీరు. పావగడ తాలూకా భూగర్భజలములందు ఫ్లోరైడు అధికము. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని చిరకాలము త్రాగినచో పండ్లపై మచ్చలు పడును. మోతాదు మఱింత అధికమైనచో ఎముకలు, కీళ్లు బిగుసుకొనును. ఎగురుట, వంగుట ప్రధానమైన క్రీడలో కీళ్లు బిగిసిన పిల్లవానికి ఎంత నేర్పినను ఫలమేమి? కావున ఆటకు వచ్చిన పిల్లవాడు ఏ నీరు త్రాగుచున్నాడో తెలిసికొనుట శిక్షణలో భాగము. బాలిక ఎనిమిదవ తరగతి తరువాత బడికి వచ్చుచున్నదా, లేదా యని విచారించుటయు భాగమే. పనికై బెంగుళూరు పోయిన తల్లిదండ్రుల పిల్లలు ఎవరియింట తినుచున్నారో తెలిసికొనుటయు భాగమే. ఇవి పాటియాలనుండి వచ్చిన శిక్షకునికి తెలియవు. ఊరి పంతులుకు తెలియును.

ఉపసంహారము

పై చరిత్రమునుండి తేలునది యిది. బాస్కెట్‌బాల్ ఆటలో శిక్షకుని నోటికి నలువదేండ్లు తాళము వేసిరి. ఐనను గొప్ప క్రీడాకారులు పుట్టిరి. ఏలయన వారిని తీర్చినది ఆటవేళ కేకలు కావు. తక్కిన దినములలోని గురువు శ్రద్ధ. అలెన్ చెప్పినట్లు ఆటకు శాస్త్రము కలదు. దానిని నేర్చుకొనుట శిక్షకుని ధర్మము. నైస్మిత్ చెప్పినట్లు ఆట చివరకు ఆడువానిది. అతనిని స్వతంత్రునిగా విడుచుట గురువు ధర్మము. మెక్‌లెండన్, రహీంగారు ఈ రెండు ధర్మములను కలిపి నడపిన ఉపాధ్యాయులు.

సరిహద్దు సీమలోని తెలుగు పిల్లలందఱు జాతీయజట్టునకు పోవుదురని ఆశించుట అత్యాశ. ఆశింపవలసినది అంతకంటె చిన్నది, అంతకంటె కష్టమైనది. బడిముందర ఒక స్తంభము నిలువవలెను. సాయంకాలము బంతిచప్పుడు వినబడవలెను. ఆ చప్పుడు కోసమై పిల్లలు మఱునాడును బడికి రావలెను. అట్లు వచ్చిన పిల్లల పేర్లు, వారి యింటి నీరు, వారి పాఠము తెలిసిన ఉపాధ్యాయుడొకడు గట్టుపై మౌనముగా కూర్చుండి చూచుచుండవలెను. తెలుగు సంఘములు ఇట్టి బడులకు తోడ్పడదలచినచో మొదట స్తంభమునకు గాక, ఆ ఉపాధ్యాయుని శిక్షణకు ధనము వెచ్చించుట మేలు. స్తంభమును ఊరి కమ్మరి చేయగలడు. గురువును తయారుచేయుటకు సంఘము పూనుకొనవలెను.